నీడ లెక్క తెలియని మీటరుని

నేను నెట్ మీటరుని. విశాఖ పూర్ణా మార్కెట్ సందులో, కింద కొట్టూ పైన కాపురమూ ఉన్న మేడ గోడకు నన్ను బిగించారు. పాత మీటరుకు వాడిన కరెంటు లెక్కపెట్టడం ఒక్కటే పని. నాకు రెండు ఖాతాలు. గ్రిడ్ నుంచి ఇంట్లోకి వచ్చింది దిగుమతి. డాబా మీది సోలార్ ప్యానెళ్లు ఇంటి వాడకం పోను బయటికి పంపింది ఎగుమతి. పోర్టు ఉన్న ఊళ్లో ఈ మాటలు ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. నన్ను గోడకెక్కించినవి నిబంధనలే కాబట్టి వాటిని తిట్టను. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్ల ఇంటి ప్లాంటుకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. అదే నెలలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, పది కిలోవాట్ల వరకు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన తీసేసింది. ఐదు కిలోవాట్ల దాకా లైను బలపరచాల్సి వస్తే ఆ ఖర్చు పంపిణీ సంస్థదే. కరెంటు ఆఫీసు వైపు దారి ఇలా చాలావరకు సాఫీ అయింది. ఇక తేలాల్సింది ఎండ సంగతి.

ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయని లెక్కేసి జనం అప్పు చేస్తారు. అన్నేళ్లూ డాబా మీద ఎండ ఉంటుందన్న పూచీ మాత్రం ఈ నిబంధనల్లో లేదు. విశాఖలో ప్యానెళ్లను దక్షిణానికి వాల్చి పెడతారు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి ఒరిగినప్పుడు, దక్షిణం వైపు పక్కింటివాళ్లు పదడుగుల అంతస్తు లేపితే మిట్టమధ్యాహ్నం కూడా దాని నీడ తొమ్మిది అడుగులకు కాస్త తక్కువ పడుతుంది. ఉదయం, సాయంత్రం ఇంకా పొడుగు. గోడకు గోడ తగిలే ఈ సందుల్లో ఆ నీడ తిన్నగా ప్యానెళ్ల మీదికే వస్తుంది. నేను తగ్గిన ఎగుమతిని చూపిస్తాను తప్ప, ఎందుకు తగ్గిందో చెప్పలేను. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం వెలుతురు మీద హక్కును ఒప్పుకుంటుంది గానీ, ఇరవై ఏళ్లు ఆటంకం లేకుండా అనుభవించాలంటుంది. అదీ భవనంలోకి వచ్చే వెలుతురు గురించి. ఒకవేళ డాబాకూ వర్తిస్తుందనుకున్నా, హక్కు చేతికొచ్చేసరికి ప్యానెల్ ముసలిదైపోతుంది.

పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము ఇంతకన్నా పెద్ద అడ్డం కాదా అంటారు. దుమ్మును కడుక్కోవచ్చు, గోడను కడగలేం. మైక్రో ఇన్వర్టర్లు పెడితే ఒక ప్యానెల్ మీది నీడ వరస మొత్తాన్ని పడగొట్టదన్నదీ నిజమే. నీడలో ఉన్న ప్యానెల్‌కు మాత్రం అవి ఎండ తెచ్చివ్వవు. పాత ఊరు పైకి పెరగక ఎక్కడికి పోతుంది, పక్కవాడి కట్టుకునే హక్కు మాటేమిటి అన్నదే అసలు అభ్యంతరం. అది న్యాయమైన ప్రశ్న, కట్టొద్దని నేననను. ఏ డాబా మీద ఎన్ని కిలోవాట్లున్నాయో పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ దగ్గర ఉంటుంది. పై అంతస్తుకు ప్లాన్ ఇచ్చేది నగరపాలక సంస్థ జీవీఎంసీ. ప్లాన్ ఇచ్చే ముందు ఆ వివరం తెప్పించుకుని, నీడ పడేట్టుంటే ప్యానెళ్లను కొత్త మేడ మీదికి మార్చే ఖర్చో, తగ్గిన యూనిట్లకు పరిహారమో ఇరువైపులా రాతపూర్వకంగా తేల్చుకోమనవచ్చు. ఇంత గొడవెందుకు, ముడసర్లోవ నీళ్లమీద 2018లో జీవీఎంసీయే రెండు మెగావాట్ల ప్లాంటు పెట్టింది కదా, అలాంటివే ఇంకొన్ని పెడితే పోదా అనేవాళ్లూ ఉన్నారు. పెట్టాలి. కానీ అక్కడ పుట్టిన యూనిట్లు నగరపాలక సంస్థ ఖాతాలో పడతాయి, ఈ మేడవాళ్లు తీర్చాల్సిన అప్పులో కాదు.