పుల్లూరు టోల్‌గేట్ దగ్గర ఓ వీసా కౌంటర్

పరాయి దేశంలో జబ్బు నయం చేయించుకోవాలంటే డాక్టరు కంటే ముందు ఆ దేశాన్ని ఒప్పించాలి. ఇటలీ సంగతే చూడండి. వైద్యం కోసం వీసా అడిగితే అక్కడి ఆస్పత్రి రాసిచ్చిన ఉత్తరం ఉండాలి. అందులో రోగమేమిటో, చికిత్స ఎప్పుడు మొదలై ఎన్నాళ్లు సాగుతుందో, ఎంత ఖర్చవుతుందో రాసి ఉండాలి. ఆ ఖర్చులో 30 శాతం ముందే కట్టి రసీదు చూపాలి. మిగిలింది కట్టే తాహతు ఉందని, ఉన్నన్నాళ్లూ తిండికీ బసకూ లోటు లేదని రుజువులు పెట్టాలి. ఇంతా చేసి విమానం దిగాక, 8 పనిదినాల్లోగా నివాస అనుమతి కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. బ్రిటన్ 11 నెలల దాకా ఉండనిస్తుంది కానీ, నయమయ్యాక తిరిగి పోతారన్న నమ్మకం దానికి కుదరాలి. ఈ విషయంలో మన దేశానిది పెద్ద మనసే. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం జతచేసి ఆన్‌లైన్‌లో అడిగితే 60 రోజుల ఈ-మెడికల్ వీసా ఇస్తుంది. ఆ గడువులో మూడుసార్లు రావచ్చు, పోవచ్చు. తోడు వచ్చే ఇద్దరికి కూడా వీసా ఉంటుంది. ఏ దేశంలో ఎన్ని కాయితాలు అడిగినా అడిగేది మూడు ముక్కలే: నిజంగా నీకు రోగమేనా, పైసలున్నయా, నయమైనంక పోతవా? పరాయి దేశం పరాయివాణ్ని ఇలా అడిగితే తప్పుపట్టలేం. ఇవే ప్రశ్నలు జాతీయ రహదారి మీద, ఒకే దేశపు పౌరుణ్ని, అదీ తెలుగులోనే అడగవచ్చని కనిపెట్టిన ఘనత మాత్రం మనది.

ఆ ప్రయోగం 2021 మే రెండో వారంలో, కరోనా రెండో అల రోజుల్లో జరిగింది. పాత పాలమూరు జిల్లా దక్షిణపు కొసన, గద్వాల జిల్లా పుల్లూరు టోల్‌గేట్ దగ్గర కర్నూలు వైపు నుంచి వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపేశారు. పాత నల్లగొండ జిల్లా కోదాడ పక్కన రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గరా అదే తంతు. ముందు నోటిమాటగా ఆపారు, హైకోర్టు నిలదీశాక కాయితం పుట్టింది. హైదరాబాద్‌లో వైద్యం కావాలనుకునే బయటి రాష్ట్రపు రోగి ముందుగా ఒక ఆస్పత్రితో పడక ఖాయం చేసుకోవాలట. ఆ ఆస్పత్రి రోగి పేరు, వయసు, రాష్ట్రం, తోడు వచ్చేవారి పేరు, ఫోన్ నంబరు, ఏ రకం పడక అన్నవి ఒక నమూనాలో నింపి కంట్రోల్ రూముకు పంపాలట. అక్కడి నుంచి అనుమతి వచ్చాకే బండి కదలాలట. లోపల ఆక్సిజన్ సిలిండర్ ముల్లు కిందికి దిగుతుంటుంది. బయట రోగి కొడుకు వాట్సాప్‌లో అనుమతి పత్రం వచ్చిందేమోనని ఫోన్ మీద వేలితో పైకీ కిందికీ తోస్తుంటాడు. రోగిని చూడందే పడక చెప్పలేమంటుంది ఆస్పత్రి, పడక చెప్పందే రోగిని పోనివ్వం అంటుంది గేటు. ఖార్తూమ్ నుంచి దరఖాస్తు చేసుకునే వాడికైనా ఇంట్లో కూర్చుని ఎదురుచూసే వీలుంటుంది. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసి అంబులెన్సులకు దారి ఇప్పించింది. అప్పటికే సరిహద్దులో ప్రాణాలు పోయాయని పత్రికలు రాశాయి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. పునర్విభజన చట్టం ప్రకారం హైదరాబాద్ 2024 జూన్ 2 దాకా రెండు రాష్ట్రాల ఉమ్మడి రాజధాని. అంటే 2021 మేలో పుల్లూరు దగ్గర ఆగిన కర్నూలు రోగి, చట్టం లెక్కన, తన రాజధానికి తాను పోతున్నాడు. తన రాజధానికి పోవడానికి పక్క రాష్ట్రం అనుమతి అడగాల్సిన పౌరుడు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నాడా అన్నది రాజ్యాంగ పండితులు తేల్చాలి. ఇక ‘కర్నూలు వేరియంట్’ అంటూ టీవీలు హోరెత్తించిన భయం ఒకటి. ఆ రకం తగ్గిపోతోందని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెబుతున్నా ఎవరికి వినపడింది! దీనికి కొద్ది రోజుల ముందే, మే 6న, ఢిల్లీ సర్కారు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లు క్వారంటైన్‌లో ఉండాల్సిందేనని. ఢిల్లీ కంటికి మనమిద్దరం ఒకే గాటన కట్టిన పశువులం. ఆ అవమానం ఇంకా పచ్చిగా ఉండగానే, అదే అవమానాన్ని మనం కర్నూలుకు పార్సిల్ చేశాం.

దీనికి జవాబు లేకపోలేదు, వినాల్సిన జవాబే. పడకలు తక్కువ, ఉన్నవాటిలో పెద్ద వాటా బయటివాళ్లతోనే నిండుతోంది, పడక ఖాయం కాకుండా వచ్చినవాళ్లు ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి తిరిగి దారిలోనే చనిపోతున్నారు, అందుకే ఈ పద్ధతి అంది సర్కారు. చివరి మాట నిజమే. పడక లేకుండా 200 కిలోమీటర్లు రావడం ప్రమాదమే. కానీ ఆ ప్రమాదం తప్పించాలంటే గేటు దగ్గర పడకల జాబితా పట్టుకున్న మనిషిని కూర్చోబెట్టాలి, లాఠీ పట్టుకున్న మనిషిని కాదు. రోగి పేరూ వయసూ ఫోన్ నంబరూ తీసుకోగలిగిన కంట్రోల్ రూము, అదే ఫోన్లో ‘ఫలానా ఆస్పత్రిలో ఖాళీ ఉంది, పొండి’ అని కూడా చెప్పగలదు. ఖాళీ వెతికి ఇవ్వడం పని, వెనక్కి పంపడం అధికారం. మన కచేరీల్లో ఈ రెంటిలో ఏది ముందు జరుగుతుందో కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఇంకో అభ్యంతరం డబ్బు. మా పన్నులతో మీకు వైద్యమా అని. కానీ ఆ అంబులెన్సుల్లో ఎక్కువ భాగం పోతున్నది కార్పొరేట్ ఆస్పత్రులకు. అక్కడ మన పన్నుల పైసా ఖర్చు కాదు, పైగా బిల్లు కట్టేది వచ్చినవాళ్లే. పేదవాడి సంగతి చూసినా, ఆంధ్ర సర్కారు 2019 నవంబర్ 1 నుంచే తన ఆరోగ్యశ్రీని హైదరాబాద్ ఆస్పత్రుల్లోనూ చెల్లేలా చేసింది. అంటే పైసలున్నయా అన్న ప్రశ్నకు ఇటలీ అడిగే 30 శాతాన్ని మించిన జవాబుతోనే రోగి వస్తున్నాడు. ఏళ్ల తరబడి దేశవిదేశాల రోగులను రమ్మని పిలిచి, వైద్య రాజధాని అని బోర్డులు పెట్టుకున్న నగరం ఇది. యెమెన్ నుంచి వచ్చేవాడు అతిథి, ఎమ్మిగనూరు నుంచి వచ్చేవాడు చొరబాటుదారు.

అయితే పాలమూరు పాఠకుడికి ఈ కథలో కర్నూలు రోగి మీద జాలి ఒక్కటే ఉంటే సరిపోదు. గేటుకు రెండు వైపులుంటాయి. అలంపూర్ మనిషికి గుండెలో నొప్పి వస్తే కర్నూలు పెద్దాసుపత్రి పాతిక కిలోమీటర్లు, హైదరాబాద్ 200 పైమాట. తుంగభద్ర దాటితే దవాఖాన, దాటకపోతే దైవాధీనం. కృష్ణ, మక్తల్ మండలాల వాళ్లకు రాయచూరే దగ్గర. ఇది నిన్నమొన్నటి అలవాటు కాదు. 1956కు ముందు గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలోనే ఉండేవి. ఆ ఏడాది రాయచూరు ఒక రాష్ట్రానికీ ఇవి ఇంకో రాష్ట్రానికీ పోయాయి, 2014లో కర్నూలు కూడా వేరే రాష్ట్రమైంది. అరవై ఏళ్లలోపు ఆ రెండు తాలూకాల జనానికి దగ్గరి పెద్దాసుపత్రులు రెండూ, వాళ్లు ఇల్లు కదలకుండానే, పరాయివైపోయాయి. 2021 మేలో కర్నూలు కూడా పంతం పట్టి తుంగభద్ర వంతెన మీద ఇంకో బ్యారికేడ్ పెట్టి ఉంటే అలంపూర్ వాడు ఏ కంట్రోల్ రూముకు ఫోన్ చేసేవాడో పుల్లూరు గేటు పెట్టినవాళ్లు ఆలోచించిన దాఖలా లేదు.

ఆరోగ్యశ్రీ మొట్టమొదట మొదలైందే పాలమూరులో. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, శ్రీకాకుళంతో పాటు. నల్లగొండకు ఆ ఏడాది డిసెంబర్లో వచ్చింది. తెల్లకార్డు పట్టుకుని పెద్దాసుపత్రి గడప తొక్కవచ్చని ఈ వలస జిల్లా అందరికంటే ముందు తెలుసుకుంది. అప్పట్లో అలంపూర్ కార్డుకూ కర్నూలు ఆస్పత్రికీ మధ్య నది ఒక్కటే అడ్డం. ఇప్పుడు అడ్డమున్నది సర్కారు జాబితా. ఆరోగ్యశ్రీలో ఏ రాష్ట్రం ఇచ్చిన కార్డు ఆ రాష్ట్రం జాబితాకెక్కించిన ఆస్పత్రిలోనే చెల్లుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ కార్డు విలువ 10 లక్షలు. 10 లక్షల కార్డు జేబులో పెట్టుకుని, పాతిక కిలోమీటర్లలో ఉన్న ఆస్పత్రిని వదిలి, 200 కిలోమీటర్ల అవతలి ఆస్పత్రికి బయలుదేరే భాగ్యం అందరికీ దక్కేది కాదు. పుణెలోనో ముంబైలోనో మట్టి మోస్తూ పడిపోయిన నారాయణపేట కూలీకైతే ఆ దూరం ఇంకా పొడుగు.

మరి మన జిల్లాల్లోనే వైద్య కళాశాలలు కట్టాం కదా అంటారు. కట్టారు, కాదనం. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు, సూర్యాపేటకు 2019లో, గద్వాలకు, నారాయణపేటకు 2024లో వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ కూడా ఉంది. కానీ శిలాఫలకం మీది ముసుగు లాగిన రోజే లోపల గుండె శస్త్రచికిత్స నిపుణుడు పుట్టడు. కర్నూలు కళాశాల 1950ల నుంచి అక్కడుంది, ఆ చెయ్యి తిరగడానికి తరాలు పట్టింది. గద్వాలకూ ఆ తరాలు వస్తాయి. అంతవరకూ అలంపూర్ గుండె ఆగాలి కదా! వైద్యం మాత్రం సరిహద్దులు దాటడానికి ఎవర్నీ అడగదు. ఫ్లోరైడ్ నీళ్లను పటికతో, సున్నంతో శుద్ధిచేసే విధానాన్ని నాగపూర్ నీరి సంస్థ 1970లలో రూపొందించింది. ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరుతో అది ఇథియోపియా, టాంజానియాల దాకా పోయింది. నల్లగొండ పేరుకు అక్కడ నివాస అనుమతి ఉంది, ఆ నీళ్లకు వంకరపోయిన కాళ్లతో ఇక్కడే మిగిలినవాళ్లు హైదరాబాద్ నిమ్స్ వరండాలో చీటీ కోసం నిలబడతారు.

కాబట్టి ఒక ప్రతిపాదన. ఎటూ ఇదే పద్ధతనుకుంటే పుల్లూరులో, రామాపురంలో, కృష్ణ వంతెన దగ్గర మూడు వీసా కౌంటర్లు తెరిచేయండి. రోగికి ఈ-మెడికల్ వీసా లాగే 60 రోజులు, మూడు ప్రవేశాలు, ఇద్దరు తోడు. పరాయి దేశపు వాడికిచ్చే మర్యాదే అలంపూర్ వాడికీ, ఆదోని వాడికీ ఇవ్వండి, అంతకంటే ఎక్కువ అడగం. ఆ కౌంటర్లకు అద్దె దండగ అనిపిస్తే ఇంకో చవక దారి ఉంది: మూడు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఒక బల్ల దగ్గర కూర్చుని, సరిహద్దు మండలాల కార్డు నదికి ఆవలి ప్రభుత్వ ఆస్పత్రిలోనూ చెల్లుతుందని సంతకాలు పెట్టి, ఏడాదికోసారి లెక్కలు తేల్చుకోవడం. బస్సు పర్మిట్లకు అంతర్రాష్ట్ర ఒప్పందాలు రాసుకోవడం చేతనైన ప్రభుత్వాలకు ఇది చేతకాని పని కాదు. అలంపూర్, గద్వాల, మక్తల్ ఓటర్లు ఈసారి ఇంటికొచ్చే అభ్యర్థిని ఒక్కటే అడగండి: నా కార్డు కర్నూలులో చెల్లుతదా, రాయచూరులో చెల్లుతదా? జవాబు కాయితం మీద రాయించుకోండి.