చక్రసూత్రానికి డెలానీపూర్ టీక

అవతారిక: మూలంలో లేని మాట రాయనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మెదకు సీమలో పుట్టి కాళిదాసుకు టీక చెప్పినవాడు, ఆయనకు చెల్లింది. ఆయన మూలం తాటాకు మీద ఉండేది. నా మూలం టైరు పక్కగోడ మీద ఉంది, నలుపు మీద నలుపు. తడిగుడ్డతో తుడిచి సుద్దముక్క రుద్దితే గాని అక్షరం తేలదు.

సందర్భం చెప్పాలి. మా తమ్ముడి కొడుకు వాళ్ళ తాతగారి ప్రీమియర్ పద్మినిని కిందికి దించాడు. ముందర కాయిల్ స్ప్రింగులు కోయించాడు, వెనక కమాను కట్టల్లోంచి ఒక్కో పట్టా తీయించాడు. బండి నాలుగు సెంటీమీటర్లు దిగింది. చూడ్డానికి బాగుంది (వాడితో అనలేదు). డెలానీపూర్ ఎత్తు ఎక్కి మలుపు తిరిగేసరికి ముందు టైరు మడ్‌గార్డు లోపల గీరింది. పంక్చరు షాపు మేస్త్రిది శ్రీకాకుళం వైపు. వంగి చూసి, "ఇదేటి బాబూ, బండా, పీటా?" అన్నాడు. మావాడు ఫోన్లో ఒక టైరు సైజు చూపించి, "ఇది వేస్తే సరిపోతుంది కదా పెదనాన్నా?" అని నన్నడిగాడు. ఈ టీక అందుకు పుట్టింది.

మూలం:
165/70 ఆర్ 14 81 టి

ప్రతిపదార్థం: 165 = మిల్లీమీటర్లలో టైరు వెడల్పు; 70 = ఆ వెడల్పులో నూటికి డెబ్బై వంతుల పక్కగోడ ఎత్తు; ఆర్ = రేడియల్ అల్లిక గలది; 14 = అంగుళాల్లో రిమ్ము వ్యాసం; 81 = ఒక్కో టైరు 462 కిలోలు మోస్తుందని సంకేతం; టి = గంటకు 190 కిలోమీటర్ల వేగానికి తట్టుకోగలదని. మన వీధుల్లో ఈ చివరి అక్షరం కేవలం పాదపూరణార్థం.

తాత్పర్యం: 165లో నూటికి డెబ్బై అంటే 115.5. పైన ఒక గోడ, కింద ఒక గోడ, కలిపి 231. పద్నాలుగు అంగుళాలను మిల్లీమీటర్లు చేస్తే 355.6. వెరసి టైరు నిలువెత్తు 586.6 మిల్లీమీటర్లు. ఒకే సూత్రంలో మిల్లీమీటరూ, శాతమూ, అంగుళమూ పక్కపక్కన కూర్చున్నాయి. దీన్ని మణిప్రవాళం అనాలో, మేస్త్రి అన్నట్టు "కలగూరగంప" అనాలో తేలలేదు.

పాఠాంతరం: 5.20-14. పద్మిని పుట్టినప్పటి పాఠం ఇదే. అంగుళాల్లో వెడల్పు, అంగుళాల్లో రిమ్ము, అంతే. శాతం ఊసు లేదు, ఎందుకంటే ఆ కాలపు టైరు గోడ ఎత్తు ఇంచుమించు దాని వెడల్పంత. నిలువెత్తు సుమారు 61 సెంటీమీటర్లు. మన పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు మారింది, ఊరు మాత్రం కదల్లేదు. టైరు సంగతి అలా కాదు. పాతపేరు పోయి కొత్తపేరు వచ్చేసరికి నిలువున రెండు సెంటీమీటర్లకు పైగా తగ్గి, అడ్డంగా మూడు సెంటీమీటర్లకు పైగా పెరిగింది. మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నడిచేది 58కి కాస్త లోపే.

శంక: చిన్న టైరైతే మడ్‌గార్డుకు ఎడం పెరుగుతుంది కదా, గీరడం ఆగదా?

సమాధానం: పైన ఎడం పెరిగేది ఒక్క సెంటీమీటరు పైచిలుకు. అంతే మేర బండి మొత్తం నేలకు దిగుతుంది. పైగా వెడల్పు పెరిగింది కనక, స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపలివైపు గీరే ప్రమాదం కొత్తగా వచ్చిపడింది. అసలు మర్మం వేరే ఉంది. స్ప్రింగు కోస్తే దిగేది బండి ఒళ్ళు, వెనక ఇరుసు కాదు. ఇరుసు నడుమ డిఫరెన్షియల్ ఉబ్బు నేలకు ఎంత ఎత్తున ఉండాలో టైరు ఒక్కటే నిర్ణయిస్తుంది. ఒళ్ళు ఎంత దించినా ఆ ఉబ్బుకు హాని లేదు, చిన్న టైరు వేసిన రోజున రెండూ కలిసి దిగుతాయి. మావాడికి ఈ ముక్క నేల మీద సుద్దతో గీసి చూపించాక గాని ఎక్కలేదు.

విశేషం: స్పీడ్ బ్రేకర్లు రెండు తెగలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి దిబ్బ 17 మీటర్ల వ్యాసార్ధంతో, 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో ఉంటుంది. పద్మిని ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.34 మీటర్లు. నాలుగు చక్రాలూ ఒకేసారి దిబ్బ మీద నిలుస్తాయి కనక నడుమ పొట్టకు అడ్డొచ్చేది 4 సెంటీమీటర్లే. సందులో రాత్రికి రాత్రి ఎవరో సిమెంటు పోసి కట్టిన మూరెడు వెడల్పు దిబ్బ సంగతి అది కాదు. చక్రాలు చెరో పక్కా నేల మీద ఉండగా దాని ఎత్తు మొత్తం పొట్ట కిందికి వస్తుంది. దించిన బండికి శత్రువు ఈ రెండోదే.

నిర్ణయం: 155/80 ఆర్ 14 వేయమన్నాను. నిలువెత్తు 603.6, పాతపాఠానికి దగ్గర. సన్నగా ఉంటుంది కనక పాత ఇనుప రిమ్ముకు ఇబ్బంది తక్కువ. మరి గీరడమో? వెనక తీసిన పట్టాలు తిరిగి వేయించి, ముందుకు కొయ్యని స్ప్రింగులు తెప్పించమన్నాను. వాడి మొహం వేలాడింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్.సి.లో ఉన్న వివరాలు తారుమారయ్యేలా బండిని మార్చొద్దంటుందని కూడా గుర్తుచేశాను. ఇంకా వేలాడింది.

పరీక్ష: గోధుమపిండి ముద్ద ఒకటి మడ్‌గార్డు లోపల, టైరుకు ఎదురుగా అంటించాం. నలుగురం ఎక్కి సందులో దిబ్బ దాటి వెనక్కొచ్చాం. ముద్ద మీద టైరు గాడులు ముద్రగుద్దినట్టు పడ్డాయి. అచ్చు అడుగున మిగిలిన పిండి మందం చిటికెన గోరంత. మేస్త్రి దాన్ని వేలితో నొక్కి చూశాడు. "ఇంతే ఉంది బాబూ సందు. దీన్లోకే ఎల్లాల."

లిపి విశేషం: ఓడలో మెయిన్‌లాండ్ నుంచి వచ్చే టైరు కొనేముందు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర వెతకాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారపు సరుకు. గోదాములో ఏళ్ళు గడిపిన రబ్బరు కొత్తగా మెరుస్తుంది, గాడుల్లో నెర్రెలుంటాయి. సైజు తప్పినా, వయసు మీరినా తిరుగు ఓడ ఎక్కించాలి.

గద్య: ఇది శ్రీ విజయపుర డెలానీపూర్ వాస్తవ్యుండును, మేస్త్రి బల్లపీట మీద ఆసీనుండును, సొంత కారు లేనివాడునగు టీకాకారునిచే రచితంబైన పద్మినీ వ్యాఖ్యానంబునందు చక్రఖండము. స్ప్రింగుల ఖండము ఓడ వచ్చాక.