నడిమధ్యన పెట్టిన బండి

ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. రెండు వరుసల రోడ్డు వంతెన, మూడు గర్డర్లు, గర్డరుకీ గర్డరుకీ మధ్య రెండున్నర మీటర్ల ఎడం. వంతెనల మీద బరువులకి మేం వాడే కోడ్ ఐఆర్‌సీ 6లో చెప్పిన 70ఆర్ ట్రాక్ బండి బరువు 70 టన్నులు. దాన్ని 7.5 మీటర్ల రోడ్డుకి సరిగ్గా నడిమధ్యన నిలబెట్టి, మూడుతో భాగించి, గర్డరుకి 23.3 టన్నులని రాసేశాను. పెళ్లిలో లడ్డూలు పంచినట్టు.

కోడ్ చదవలేదా అంటే, చదివాను. అదే నా సిగ్గు. కెర్బుకీ బండికీ మధ్య కనీసం 1.2 మీటర్లు వదలాలని అందులో ఉంది. "కనీసం" అన్న మాట చూసి, బండి అంచు జోలికి రాదు కాబోలని ధీమాపడ్డాను. అక్కడిదాకా వస్తుంది, అక్కడే పెట్టి చూడు నాయనా అని దానర్థం. రోజూ నేనెక్కే సిటీ బస్సు ఎడమ అంచు రాసుకుంటూనే పోయేది, కిటికీ పక్కన కూర్చుని మరీ చూసేవాణ్ణి. పైగా బయటి గర్డర్లలో స్టీలు మిగిల్చానని పక్క సీటువాడి దగ్గర గొప్పలు!

మా పెద్ద ఇంజనీరుగారు కాగితాలు తిరగేసి ఏమీ అనలేదు. బల్ల మీద మూడు రబ్బర్లు వరసగా పెట్టి, వాటి మీద స్కేలు వేసి, ఒక చివర వేలితో నొక్కారు. అవతలి చివర పైకి లేచింది.

"ఏ రబ్బరు నలిగిందయ్యా?"

ఊరుకోవాలిగా నేను! "స్లాబూ, క్రాస్ గర్డర్లూ బరువు పంచుతాయి కదండీ" అన్నాను.

"పంచుతాయి. సమానంగా అని ఎవరు చెప్పారు?"

సాయంత్రం కూర్చుని కోర్బన్ పద్ధతిలో మళ్లీ చేశాను. బండి వెడల్పు 2.9 మీటర్లు. కెర్బుకి 1.2 మీటర్ల దూరంలో పెడితే, దాని నడుమ రోడ్డు నడుమ నుంచి 1.1 మీటర్లు పక్కకి జరుగుతుంది. జరిగింది అంతే. ఆ వైపు గర్డరు మీదికి 38.7 టన్నులొచ్చి పడ్డాయి. మధ్యదానికి అదే 23.3. అవతలిదానికి ఎనిమిది టన్నులైనా లేవు. క్రాస్ గర్డర్లు అసలు వంగవనుకుని చేసే లెక్క కదా అని చివరి ఆశతో గ్రిల్లేజ్ మోడల్ కూడా వేసి చూశాను. అంకెలు కాస్త అటూఇటూ అయ్యాయిగానీ, నేను స్టీలు కోసిన గర్డరే ఎక్కువ మోస్తోంది.

ఆ రాత్రి ఇంటికెళ్తుంటే బస్సు వంతెనెక్కింది, ఎప్పట్లాగే ఎడమ అంచుకి. నేను లేచి కుడివైపు సీట్లోకి మారాను. నా అరవై కిలోలు ఆ గర్డరుకి తగ్గిద్దామని కాబోలు.