అసలు శశిరేఖ కోసం

నాకు తాగుడు లేదు, పేకాట లేదు, రేసులకి వెళ్లను. సంబంధం మాట్లాడేటప్పుడు మామగారు ఈ మూడే అడిగారు, మూడింటికీ నిజమే చెప్పాను. ‘మాయాబజార్’ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న ఆయనకి తట్టి ఉంటే వాళ్లమ్మాయి ఈ పాటికి ఏ బ్యాంకు మేనేజరు ఇంట్లోనో సుఖంగా ఉండేది.

నా కోరిక వినడానికి చాలా చిన్నది. 1957 మార్చి 27న విజయా వారు జనం మీదికి వదిలిన మాయాబజార్ ఉందే, అది ఉన్నదున్నట్టుగా మా ఇంట్లో ఉండాలి. అంగుళం కొయ్యకూడదు, రంగు పుయ్యకూడదు, మాట మింగకూడదు. మూడు గంటల పైన నాలుగు నిమిషాల నలుపు తెలుపు బొమ్మ, కె.వి. రెడ్డిగారు ఎలా వదిలారో అలాగే. ఈ చిన్న కోరిక మూలంగా మా ఇంట్లో ఇప్పుడు డజనుకు దగ్గరగా మాయాబజార్లున్నాయి. పట్టుచీరలకని మామగారు చేయించి ఇచ్చిన టేకు బీరువాలో రెండు అరలు వాటివే. చీరలు సూట్‌కేసులో, మంచం కింద ఉంటాయి.

ఆ సినిమాలో సత్యపీఠం మీద కాలు పెట్టగానే శకుని నోటివెంట నిజాలు వాటంతటవే రాలిపడతాయి. మా ఇంట్లో ఆ పని కొరియర్ బిల్లులు చేస్తాయి.

నా పతనం వీసీడీలతో మొదలైంది. ఈ తరం వాళ్లకి తెలీదేమో గానీ, వీసీడీ ఒక్కోదాంట్లో గంటంబావు, మహా అయితే గంటా ఇరవై నిమిషాల బొమ్మ పట్టేది. ఈ లెక్కన మాయాబజార్‌కి మూడు డిస్కులు కావాలి. నేను ముచ్చటపడి కొన్న సెట్టులో రెండే ఉన్నాయి. రెండు ఎనభైలు నూట అరవై. అంటే మూడో డిస్కు ఖర్చు మిగుల్చుకోవడానికి ఎవరో మహానుభావుడు ఇరవై నిమిషాల పైచిలుకు సినిమాని గోదాట్లో కలిపేశాడన్నమాట. చిత్రమేమిటంటే, ఈ లెక్క నేను తర్వాత వేసుకున్నదే. చూస్తున్నంతసేపూ నాకే లోటూ తెలియలేదు. పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లేరుకుంటున్న మా అత్తగారే తలెత్తకుండా, “అదేంటి బాబూ, రేవతమ్మ సణుగుడు లేకుండానే బలరాముడు లేచిపోయాడు?” అన్నారు. ఆ తర్వాత ఎక్కడ కోత పడితే అక్కడ ఆవిడే అందుకుని, ఓసారి ఛాయాదేవి విరుపుతో, ఓసారి సూర్యకాంతం దబాయింపుతో పోయిన మాటలన్నీ ఒప్పజెప్పారు. రాళ్లేరడం మాత్రం ఆగలేదు.

మా ఇంట్లో కోత పడని ప్రింటు ఏదో నాకు ఆ రోజే తెలిసిపోవాల్సింది. తెలియలేదు. నేను డీవీడీ కొనడానికి బయల్దేరాను.

డీవీడీ దొరికింది. ఒకే డిస్కులో మూడు సినిమాలు, వంద రూపాయల లోపే. బేరం బాగుందని ఇంట్లో మెచ్చుకున్నారు కూడా, మా ఇంట్లో నన్ను మెచ్చుకోవడం అదే ఆఖరు. తొమ్మిది గంటల సరుకుని ఒక డిస్కులో కుక్కితే ఏమవుతుందో ‘లాహిరి లాహిరి లాహిరిలో’ దగ్గర తెలిసింది. కెమెరాతో వెన్నెల కాయించిన మనిషి మార్కస్ బార్ట్లీ. ఆయన అంత కష్టపడి నీళ్ల మీద పరిచిన మెరుపంతా ఈ డిస్కులో గళ్ల లుంగీ అయిపోయింది. పడవ ఆ గళ్ల మీద పోతోంది.

తర్వాత గోడకి తగిలించే పెద్ద టీవీ వచ్చింది, దాంతో కొత్త జబ్బు వచ్చింది. ఆనాటి బొమ్మ ఇంచుమించు చదరంగా ఉంటుంది. ఎత్తు ఒకటనుకుంటే వెడల్పు 1.37. ఈనాటి టీవీ వెడల్పు 1.78. న్యాయంగా అయితే రెండు పక్కలా నల్ల పట్టీలు వదిలెయ్యాలి. కానీ డబ్బుపోసి కొన్న తెరలో అంత జాగా ఖాళీగా ఉంటే జనానికి ప్రాణం ఒప్పదు. అందుకని పైనా కిందా కోసేస్తారు, లేదా అడ్డంగా సాగదీస్తారు. సాగదీతని పట్టుకోడానికి నేనొక పద్ధతి కనిపెట్టాను, దానికి రమణారెడ్డి పరీక్ష అని పేరు పెట్టాను. ఎస్వీ రంగారావుగారిని సాగదీస్తే పట్టుకోవడం కష్టం, ఆ విగ్రహం అలాంటిది. కానీ చిన్నమయ వేషంలో రమణారెడ్డిగారు ఒళ్లు చేసినట్టు కనిపించారా, టీవీ కట్టెయ్యడమే. చుట్టాలొచ్చి మధ్యాహ్నం భోజనాలయ్యాక సరదాగా సినిమా చూస్తుంటే ఈ పరీక్ష పెట్టి కట్టేసిన సందర్భాలున్నాయి. ఆ చుట్టాలు మళ్లీ రాలేదు.

రంగుల ఘట్టం వేరే చెప్పాలి. 2004లో ‘మొఘల్-ఏ-ఆజం’కి రంగులేసినప్పుడు అది ఉత్తరాదివాళ్ల ఖర్మలే అనుకుని ఊరుకున్నాను. 2010 జనవరిలో మన శశిరేఖ దాకా వచ్చారు. రంగుతో పాటు డీటీఎస్ శబ్దం, సినిమాస్కోప్ వెడల్పు. స్కోపంటే 2.35. పక్కలు చెడకుండా 1.37 బొమ్మని ఆ చట్రంలో దించాలంటే ఎత్తులో ఐదింట రెండు వంతులు వదులుకోవాలి. ఘటోత్కచుడి కిరీటం ఉంచుకుందామా, గద ఉంచుకుందామా అనే ధర్మసంకటం అన్నమాట. ఈ లెక్కంతా కాగితం మీద వేసి ఇంటిల్లిపాదికీ చూపించాను. వాళ్లు కాగితం చూసి, టిక్కెట్లు తెచ్చుకున్నారు. నేనూ వెళ్లాను, కాకపోతే హాల్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాను. కాస్తయినా రంగు తగ్గుతుందని. విశ్రాంతిలో పక్కసీటాయన నా చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దింపాడు.

మా అమ్మాయి పెద్దయ్యాక ఒకరోజు, నేను ఇదే విషయం మీద ఉపన్యసిస్తుంటే, “మరి షూటింగప్పుడు వాళ్లందరూ రంగుల్లోనే ఉన్నారు కదా నాన్నా? నలుపు తెలుపు చేసింది కెమెరాయే కదా? అప్పుడు ఏది ఒరిజినల్?” అంది. నలుపు తెలుపులో ఏ రంగు చీర ఏ బూడిద రంగుగా పడుతుందో చూసుకుని దుస్తులూ దీపాలూ అమర్చుకునేవారనీ, కాబట్టి ఆ బూడిదే వాళ్లు గీసిన బొమ్మ అనీ వివరించాను. చాలా బాగా వివరించాను. అది నిద్రపోయింది.

ఇప్పుడు ఏ మాయాబజార్ చేతికొచ్చినా నేను సినిమా చూడను. ముందు సెన్సారు సర్టిఫికెట్ దగ్గర ఆపేస్తాను. సినిమా నిడివి దాని మీదే ఉంటుంది. మూలన త్రిభుజం గీసి ఉంటే బోర్డువారి కత్తెర పడిందని గుర్తు. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి తొంభై అడుగులు నడుస్తుంది కాబట్టి అడుగుల్ని తొంభైతో భాగిస్తే నిమిషాలొస్తాయి. ఈ సూత్రం ఇంట్లో ఎంత నానిందంటే, మా అమ్మాయి చిన్నప్పుడు లెక్కల పరీక్షలో ఒక నిమిషం అంటే అరవై సెకన్లు అని రాసి, పక్కనే బ్రాకెట్లో తొంభై అడుగులు అని కూడా రాసింది. దాన్ని ఎర్ర సిరాతో చుట్టి పంపారు.

ఆ లెక్క ఒకసారి తేలలేదు. ఒక డిస్కు అన్ని పరీక్షలూ నెగ్గింది. కోత లేదు, సాగదీత లేదు, రమణారెడ్డిగారు పుల్లలాగే ఉన్నారు. నిడివి మాత్రం ఏడెనిమిది నిమిషాలు తక్కువ. ఆ ఏడు నిమిషాలు ఎక్కడ పోయాయో అని పుస్తకమూ పెన్సిలూ పట్టుకుని ప్రతి సీనూ రాసుకుంటూ కూర్చున్నాను. సీన్లన్నీ ఉన్నాయి! తల పట్టుకుంటే, వంటింట్లోంచి మా ఆవిడ, “ఏమండీ, ఘంటసాల గారి శ్రుతి పెరిగిందేంటి?” అంది. తను పెళ్లికి ముందు సంగీతం నేర్చుకుంది. శ్రుతిపెట్టె తెచ్చి పాట పక్కన పెట్టి చూపించింది, అర శ్రుతికి కొంచెం తక్కువ తేడా. అప్పుడు వెలిగింది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మన దేశపు పాత టీవీ పద్ధతి పాల్, అది సెకనుకి 25. ఎక్కించేవాళ్లు తేలిగ్గా ఉంటుందని ఆ ఒక్క ఫ్రేమూ ఎక్కువగా తోలేస్తారు. సినిమా నూటికి నాలుగు వంతులు ఎక్కువ వేగంతో పరిగెడుతుంది, గొంతులు ఆ మేరకు పైకెక్కుతాయి. నూట ఎనభై నాలుగు నిమిషాల్లో ఏడు నిమిషాల పైన అలాగే ఆవిరవుతాయి. కత్తెర పడకుండానే సినిమా పొట్టిదైపోతుంది! ఏళ్ల తరబడి నేను టేపు పెట్టి కొలుస్తున్నదాన్ని ఆవిడ పోపు వేస్తూ పట్టేసింది.

అత్తగారు ఇంకోటి పట్టుకున్నారు. ఎవరో నెట్లో పెట్టిన కాపీ ఒకటి, కోతల్లేకుండా ఉందని నేను మురిసిపోతుంటే, “ఆడవాళ్లందరూ కుడి భుజం మీద పమిటేసుకున్నారేమిటి బాబూ?” అన్నారు. కాపీరైటు వాళ్ల కళ్లుగప్పడానికి బొమ్మని అద్దంలో చూపించినట్టు కుడిఎడమలు తిప్పేశారు. నేను రెండు సార్లు చూశానా కాపీని. నాకు కనిపించింది నిష్పత్తే, పమిట కాదు.

తెలుగు పండితులుగా రిటైరైన మామగారు ఇవన్నీ పడక్కుర్చీలోంచి వింటూ ఉండేవారు. ఒకరోజు పేపరు మడిచి పక్కన పెట్టి, “అల్లుడుగారూ, మీరు మూలం మూలం అంటారు. వ్యాసుడి భారతంలో శశిరేఖ ఉందా?” అన్నారు.

లేదని ఒప్పుకున్నాను.

“అభిమన్యుడు చేసుకున్నది ఉత్తరని. బలరాముడికి ఇలాంటి కూతురుందనీ, ఆ పెళ్లి ఘటోత్కచుడు చేశాడనీ వ్యాసుడికి తెలియనే తెలియదు. పోనీ సినిమాలే తీసుకోండి. 1936లోనే పి.వి. దాసుగారు మాయాబజార్ తీశారు. మీ అసలుది ఆ లెక్కన మళ్లీ తీసింది. అదలా ఉంచండి, మూడు గంటల సినిమాలో పాండవులు ఒక్కరూ కనిపించరే, వాళ్ల సీన్లు ఏ సీడీ షాపువాడు కోసేశాడో కనుక్కున్నారా?”

ఒక్క క్షణం, ఒక్క క్షణమే, నిజంగానే ఎవరన్నా కోశారేమో అనిపించింది. సినిమా అంతా మాయా శశిరేఖని చూసి మురిసిపోయే కౌరవుల్ని చూసి నవ్వుకోవడమే కదా. నవ్వుకోవాల్సిన చోట నేను అసలు శశిరేఖ ఎక్కడుందో సర్టిఫికెట్ తెమ్మంటున్నాను. మామగారు పేపరు మళ్లీ విప్పుకున్నారు.

ఇంత జరిగాక ఎవరైనా మానేస్తారు. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతి వచ్చింది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు 20 నుంచి 22 దాకా దేశంలో పాతిక ఊళ్లలో ఆయన సినిమాలు పది, థియేటర్లలో పెద్ద తెర మీద వేశారు. ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’, వాటితో పాటు మాయాబజార్. ఇంట్లో అందరూ బయల్దేరారు, అత్తగారు జరీ అంచు చీర కట్టుకున్నారు (మంచం కిందనుంచి తీసిందే). నేను వెళ్లలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ రోజే చెన్నై నుంచి నాకు పార్సిల్ రావాలి. ఫోన్లో అన్నీ అడిగి తెప్పించుకుంటున్న డిస్కు. “కోత లేదు కదా?” లేదు సార్. “రంగు వెయ్యలేదు కదా?” లేదు సార్. “ఫుల్ లెంగ్తేనా?” ఫుల్ సార్. ఇంట్లో ఎవరూ లేకపోతే కొరియరబ్బాయి వెనక్కి తీసుకుపోతాడని గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నాను.

రాత్రి వాళ్లొచ్చేసరికి నేను టీవీ ముందున్నాను. “పక్కన నల్ల పట్టీలు ఉంచారా? శ్రుతి సరిపోయిందా?” అనడిగాను.

“చూళ్లేదండీ, సినిమా చూశాం” అంది మా ఆవిడ.

తర్వాత అందరూ టీవీ వైపు తిరిగారు. ఫోన్లో చెప్పినవాడు ఒక్క అబద్ధం చెప్పలేదు. అంగుళం కొయ్యలేదు, రంగు పుయ్యలేదు, మాట మింగలేదు. మాటలన్నీ తమిళం. ఎన్టీఆర్ ఉన్నారు, రంగారావుగారున్నారు, సావిత్రి ఉంది. లక్ష్మణ కుమారుడిగా రేలంగి ఉండాల్సిన చోట తంగవేలు ఉన్నాడు. పడవలో సావిత్రికి ఎదురుగా, అక్కినేని జాగాలో, జెమినీ గణేశన్ కూర్చుని ఉన్నాడు. 1957లోనే రెండు భాషల్లోనూ తీశారని నాకు తెలుసు. ఫోన్లో అడగడానికే తోచలేదు.

మా అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మామగారు చెప్పులు విడవడంలో ఎక్కువసేపు నిమగ్నమయ్యారు. అత్తగారు మాత్రం సోఫాలో సర్దుకుని కూర్చుని, కాసేపు శ్రద్ధగా చూసి, నా వైపు జాలిగా తిరిగారు.

“బాధపడకండి బాబూ. ఒరిజినలే కావాలన్నారుగా! సావిత్రి అసలు మొగుడు ఇందులోనే ఉన్నాడు.”