శస్త్రచికిత్సకు ముందు సుంకచికిత్స

మన కస్టమ్స్ టారిఫ్ పుస్తకంలో ఆపరేషన్ బల్లదీ సెలూన్ కుర్చీదీ ఒకే హెడింగు. నంబరు 9402. సెలూన్ కుర్చీ అంటే ఏదిబడితే అది కాదు లెండి. గిర్రున తిరగాలి, వెనక్కి వాలాలి, పైకి లేవాలి. మూడు విద్యలూ వచ్చిన కుర్చీకే సర్జన్‌గారి బల్ల సరసన చోటు. ఊళ్లో వేపచెట్టు కింద వేసిన చెక్క కుర్చీకి ఆ భాగ్యం లేదు.

ఈ గొడవ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వాళ్లకెందుకు అంటారా? 2022లో వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ, 2024లో గద్వాలకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కాలేజీ వచ్చాక వెనకాలే ఆపరేషన్ థియేటర్లు రావాలి. వాటిలోకి కావలసిన పరికరాల్లో ఎక్కువ భాగం విదేశీ సరుకే. శంషాబాద్‌లో దిగిన యంత్రం కొత్తకోట, పెబ్బేరు దాటి ఎర్రవల్లి చౌరస్తాకు చేరడం తర్వాతి మాట. రోగిని కోయడానికి వచ్చిన దాన్ని ముందు కస్టమ్స్ వాళ్లు కోయాలి కదా! సుంకాలు మా నడిగడ్డకు కొత్తేమీ కాదు. నిజాం కాలంలో తుంగభద్రకు ఇవతల కరోడ్‌గిరి వాళ్లుండేవారు. వాళ్లు మూట విప్పి చూసి పైసలు పుచ్చుకునేవారేమో గానీ, మూటలో సూదికి ఒక అధ్యాయం, దారానికి ఒక అధ్యాయం అని పురాణం విప్పి ఉండరు.

ఇప్పుడు విప్పుతారు. 90వ అధ్యాయంలో 9018 అనే పెద్ద హెడింగు ఉంది. ఎముకలు కోసే రంపాలు, ఫోర్‌సెప్స్, ఉలులు, సుత్తులు అక్కడే. కుట్లు వేసే సూది కూడా అక్కడే. శుద్ధి చేసిన కుట్ల దారం మాత్రం 30వ అధ్యాయంలో మందుల దగ్గర ఉంటుంది. సర్జన్ చేతికి తొడిగే రబ్బరు గ్లౌజు 40లో, ముఖానికి కట్టే గుడ్డ మాస్కు 63లో. పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే స్టెరిలైజరు 84లో, గ్యాస్ గీజరున్న హెడింగులోనే. లోపలి పేగును చూపించే తెర విడిగా వచ్చిందా, టీవీలున్న 8528 వైపు లాగడానికి ఒకరు సిద్ధం, కాదు 9018లోకే రావాలని లాగడానికి ఇంకొకరు సిద్ధం. ఆపరేషన్ అయ్యాక రోగిని కూర్చోబెట్టే చక్రాల కుర్చీ 87లో, సైకిళ్ల తర్వాతి నంబరు.

యాక్సెసరీల కథ ఇంకా రుచికరం. 1963 నాటి నిబంధనలు కొన్ని ఇప్పటికీ బతికే ఉన్నాయి. యంత్రంతో పాటే ఆ ఉపకరణం రావాలి, వ్యాపార రివాజు ప్రకారం దాన్ని తప్పనిసరిగా ఇచ్చేదై ఉండాలి, దానికి వేరే ధర వేయకూడదు. అలాగైతే యంత్రానికెంత సుంకమో దానికీ అంతే. పెళ్లికూతురి వెంట అరణంగా వస్తే ఇంటి మనిషి, నెల తర్వాత ఒంటరిగా బస్సు దిగితే ఆరా తీయాల్సిన మనిషి. ఆ ఆరాకు 90వ అధ్యాయం రెండో నోటు ఉంది. ఉపకరణానికి సొంత హెడింగు ఉంటే అక్కడికి పో. లేకపోతే, ముఖ్యంగా ఏ యంత్రానికి పనికొస్తావో దానితో పో. అదీ తేలకపోతే 9033కు పో.

రెండు హెడింగులూ సమంగా సరిపోయి ఎటూ తేలలేదనుకోండి. దానికీ సూత్రం ఉంది: నంబర్ల వరుసలో ఏది చివర వస్తే అదే. నేను చమత్కారం చేయడం లేదు, వ్యాఖ్యాన సూత్రాల్లో మూడోది సాక్షాత్తూ ఇదే చెబుతుంది. వైద్యులూ ఇదే పాటిస్తే ఎంత సుఖం! అపెండిక్సో కిడ్నీలో రాయో తేలలేదు, అక్షరమాలలో 'క' తర్వాత వస్తుంది గనక కిడ్నీయే కోద్దాం.

ఎముకలో బిగించే స్క్రూ మామూలు ఇనుప స్క్రూల జాతిది కాదని పుస్తకంలో నిక్కచ్చిగా రాయడానికి ప్రపంచ కస్టమ్స్ సంస్థకు 2022 సవరణ దాకా పట్టింది. అంతకుముందు విరిగిన తొడలకూ తలుపు బందులకూ తేడా ఉందని ఎవరికైనా అనుమానం వచ్చిందో లేదో!

నంబరు మారితే ఏమవుతుందని అడగండి. అసలు వైద్యం అక్కడే ఉంది. 2020 బడ్జెట్‌లో ఆరోగ్య సెస్సు అని 5 శాతం వేశారు, అదీ 9018 నుంచి 9022 దాకా ఉన్న దిగుమతుల మీద. చాలా పరికరాల మీద అప్పటికే 7.5 శాతం బేసిక్ సుంకం ఉంది. ఆసుపత్రులు లేనిచోట ఆసుపత్రులు కట్టడానికట ఈ సెస్సు. అంటే కత్తెర ఖరీదు పెంచి ఆపరేషన్ థియేటర్ కడతారు. ఆ హెడింగుల పరిధిలో లేని ఆపరేషన్ బల్ల, దాని సోదరుడు సెలూన్ కుర్చీ, ఈ పుణ్యకార్యానికి పైసా ఇవ్వనక్కర్లేదు. కుట్ల సూది ఇవ్వాలి, కుట్ల దారం ఇవ్వనక్కర్లేదు. వచ్చిన సొమ్ముతో మొదటి విడత సాయం ఆకాంక్షిత జిల్లాలకని బడ్జెట్ ప్రసంగంలోనే చెప్పారు. తెలంగాణలో అలాంటివి మూడు: ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం. వాటికి రావలసిందే, మాకేమీ కడుపుమంట లేదు. అయితే ఆ జాబితాలో లేని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల రోగి మాత్రం తనకు తెలియకుండానే దాతల వరుసలో నిలబడ్డాడు.

దేశీయ తయారీ పెరగాలంటే సుంకం ఉండాలంటారు. పటాన్‌చెరు దగ్గర సుల్తాన్‌పూర్‌లో, విశాఖలో వైద్య పరికరాల పార్కులున్నాయి, అవి ఎదగాల్సిందే. ఇక్కడ తయారయ్యే వస్తువు మీద సుంకం వేస్తే అర్థముంది. ఇక్కడ దొరకని దాని మీద వేస్తే కాపాడుతున్నది ఎవరిని? 2025 సెప్టెంబరు 22 నుంచి వైద్య పరికరాల మీద జీఎస్టీని 5 శాతానికి దించారు, సంతోషం. దించడం చేతనవునని దాంతో తెలిసిపోయింది కూడా.

దయ చూపిన రోజులూ ఉన్నాయి. 1988లో ధార్మిక ఆసుపత్రుల పరికరాలకు సుంకం మాఫీ చేశారు. షరతులు: బయటి రోగుల్లో సగటున 40 శాతానికి ఉచిత వైద్యం, నెలకు 500 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాల వాళ్లు చేరితే వాళ్లకు పూర్తిగా ఉచితం. 1994లో ఆ మాఫీ ఎత్తేశారు. షరతు ఒక్కరోజుతో తీరిపోయేది కాదని 1996లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మాఫీ పోయింది, కేసులు మిగిలాయి.

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మా ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకంలో ఒక ఆపరేషన్‌కు ఒక ప్యాకేజీ, ఒక రేటు. సూది ఏ అధ్యాయం, దారం ఏ అధ్యాయం అని అక్కడ ఎవరూ అడగరు. మొత్తాన్ని ఒకే పద్దుగా చూడటం కస్టమ్స్ వాళ్లకు రాదనుకుంటే పొరపాటు. 9801 అని ప్రాజెక్టు దిగుమతుల హెడింగు ఉంది. జూరాలలాంటి విద్యుత్ కేంద్రానికో, ఎత్తిపోతల పథకానికో సరుకు తెప్పిస్తే బోల్టు నుంచి టర్బైను దాకా ఒకే హెడింగు, ఒకే లెక్క. మరి ఆసుపత్రికి? 1986 నాటి ప్రాజెక్టు దిగుమతి నిబంధనల్లో ఆసుపత్రిని పేరు పెట్టి మరీ మినహాయించారు. హోటళ్లు, ఫోటో స్టూడియోలు, లాండ్రీలు, గ్యారేజీల వరుసలో దాన్నీ నిలబెట్టారు. ఆపరేషన్ అయ్యాక ఆకుపచ్చ గౌన్లు ఉతుకుతారు కదా, అందుకే కాబోలు.