చచ్చిన పుంజు కళ్ళు చారెడు

ఐస్‌క్రీమ్ కోసం ఫ్రీజర్ తీస్తే లోపలినుంచి పుంజు చూస్తోంది. ఈకలతో, గోళ్ళతో సహా. "మా తమ్ముడు పెట్టుకున్నాడండీ, కదిలించకండి, తోక ఈకలు విరుగుతాయట" అంది మా ఆవిడ. సంక్రాంతికి చేరిన ఆ పుంజు ఉగాదికి కూడా ఖాళీ చెయ్యలేదు. అద్దె అడిగితే అల్లరైపోతాం.

మా బావమరిది వ్యాపారం టాక్సిడెర్మీ. చచ్చిన పిట్ట తోలు ఒలిచి, వెలిగారం పట్టించి, పీచుతో ఒళ్ళు చేసి లోపల పెట్టి, బతికున్నట్టు నిలబెట్టడం. అదీ భద్రాచలంలో! "మైసూరులో వాన్ ఇంగెన్ వాళ్ళకి మహారాజులే గిరాకీ బావా" అంటాడు. 1999లో ఆ దుకాణం మూతపడిందని మాత్రం నేనే గుర్తు చెయ్యాలి. "మరి ముంబైలో?" అంటాడు. బొరివలి నేషనల్ పార్కులో 2009లో పెట్టిన కేంద్రంలో డాక్టర్ సంతోష్ గైక్వాడ్ గారి బల్ల మీదికి పులులూ సింహాలూ అటవీశాఖ అనుమతితో వస్తాయి. వీడి దగ్గరికి వచ్చింది చర్ల రోడ్డు మీద లారీ గుద్దిన నెమలి, గోనెసంచిలో.

అది చూసి వాడి ముఖం వెలిగిపోయింది. నా గుండె జారిపోయింది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చచ్చిన నెమలి కూడా సర్కారు ఆస్తే. చేతికొస్తే 48 గంటల్లో కబురు పెట్టాలి. లైసెన్సు లేకుండా అడవి జీవి తోలు మీద సూది పెట్టకూడదు. చట్టం మంచిదే, కాదనను. అది లేకపోతే అటు కిన్నెరసాని, ఇటు పాపికొండలు ఈపాటికి ఎవరి హాల్లోనో గోడకి వేలాడుతుండేవి. కానీ బతికుండగా నా పెసర చేను మేసినప్పుడు అది సర్కారుదని ఒక్కరూ అనలేదే!

ఇక మిగిలింది కోడి. గోదావరి గట్టున కోడిని చూసి షోకేసు గురించి ఆలోచించేవాడు ఎవడు? ఒక్క పందెగాడు తప్ప. మా ఫ్రీజర్లోది అలాంటి ఆసామిదే. సరిహద్దు దాటి అటువైపు బరిలో గెలిచి, గెలిచిన గాయంతోనే పోయింది. కూర వండుకోవడానికి ఆయనకి మనసు రాలేదు.

కళ్ళతో మొదలైంది గొడవ. గాజుకళ్ళు ఇక్కడ దొరకవు. ఖమ్మంలో బొమ్మలు కుట్టేవాళ్ళ దగ్గర టెడ్డీబేరు కళ్ళు తెచ్చి అతికించాడు. ఆసామి ఎగాదిగా చూసి, "మావాడు కోపంగా చూసేవాడండీ. ఇదేంటి, చేబదులు అడగడానికి వచ్చినట్టు చూస్తోంది?" అన్నాడు. కళ్ళు పీకి, నారింజ రంగు వేసి మళ్ళీ పెట్టారు. ఈసారి కామెర్లు అన్నాడు. మళ్ళీ పీకారు. తర్వాత జుట్టు. ఆరేసరికి అది ముడుచుకుపోయి నల్లబడింది. మా ఆవిడ నెయిల్ పాలిష్ సీసా అందులో ఖర్చయింది, కొత్తది నా ఖాతాలో పడింది. ఆపైన రంగు: "మాది డేగ, మీరు షాంపూ పెట్టి కడిగి కాకిడేగ చేశారు." దాని మీద వీధిలో పెద్దమనుషులు మా అరుగెక్కి రెండు పార్టీలయ్యారు. ఒకాయన ఇంటికెళ్ళి కుక్కుట శాస్త్రం తెచ్చాడు. చివరికి ఏ దిక్కుకి నిలబెట్టాలన్న పేచీ. శాస్త్రం ప్రకారం వారాన్నిబట్టి దిక్కు మారుతుందట! చచ్చాక కూడా దానికి వర్జ్యం చూడాలా? చూడాలన్నారు. కింద చక్రాల పీట బిగించాడు మా వాడు.

వాణ్ణి ఆడిపోసుకుంటున్నాను గానీ, మా నాయనమ్మ చేసింది మాత్రం ఏమిటి? దూడ పోతే గేదె చేపదని, ఆ తోలులో వరిగడ్డి కూరి, గోతాం దారంతో కుట్టి, తల్లి ముందు పెట్టేది. కళ్ళున్న చోట ఒట్టి కుట్లు. గేదె వాసన చూసి, నాకి నాకి చేపుకొచ్చేది. ఆ పాలు తాగే పెరిగాను. పిచ్చిముండకి తెలీదులే అనేవాళ్ళు అందరూ. తెలిసే నాకేదేమో.

ఆసామి బాకీ ఇంకా ఇవ్వలేదు, పుంజుని తీసుకెళ్ళలేదు. ఇంట్లో పిల్లలు జడుసుకుంటున్నారట. వారానికోసారి వచ్చి, మా టీవీ పక్కన కుర్చీ వేసుకుని, దాని రెక్క సవరించి కాసేపు కూర్చుంటున్నాడు. టీ మాదే. చక్కెర రెండు చెంచాలు పడాలట.