దిద్దే చెయ్యి లేని సర్టిఫికెట్

మా రోజుల్లో ఆఫీసు ఉత్తరం రాయడానికి వేరే కోర్సు లేదు. టైపు లోయరు, హయ్యరు పాసై, డిపార్ట్‌మెంటల్ పరీక్షలు గట్టెక్కి సెక్షన్లో కూర్చుంటే ఆ సీటే బడి. ఇప్పుడు సంస్థల్లో కమ్యూనికేషన్ అంటూ సర్టిఫికెట్ కోర్సులొచ్చాయి. మా మేనల్లుడి కూతురు ఒకటి చేసింది. దాని పుస్తకం ఆసాంతం చదివాను. 1916లో ఫేయోల్ చెప్పిన అధికార క్రమం ఉంది. 1948లో షానన్ గీసిన బొమ్మ ఉంది: పంపేవాడు, మార్గం, మధ్యలో రొద, అందుకునేవాడు. తెలుసుకోదగ్గవే. కానీ పరీక్షంతా నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టడమే. కోర్సు పూర్తయ్యేలోపు ఆ పిల్ల చేత ఒక్క మెమో కూడా రాయించలేదు. నా కోపమల్లా దాని మీదే.

మా సెక్షన్లో డ్రాఫ్టు ఎలా దిద్దేవారో చెబుతాను. ఒక ఊరి మంచినీళ్ల బోరు గురించి గుమస్తా రాసిన ఉత్తరం చివర ‘తగు చర్య తీసుకోవలసినది’ అని ఉంది. సూపరింటెండెంటు గారు ఎర్రసిరాతో ఆ వాక్యం కొట్టేసి, మార్జిన్లో రాశారు: ‘ఎవరు? ఏం చేయాలి? ఏ తేదీలోగా?’ తిరగరాసి పంపితే, సూచికలో ఊరివాళ్ల అర్జీ తేదీ లేదని మళ్లీ వెనక్కి. అన్నీ కుదిరాకే ఫెయిర్ కాపీ. ఆ ఉత్తరం అందుకున్న ఇంజనీరుకు తిరిగి అడగవలసిందేమీ మిగల్లేదు.

ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ నాటి టాటెన్‌హామ్ పద్ధతి పెట్టిన క్రమశిక్షణ. వచ్చిన ప్రతి కాగితం పర్సనల్ రిజిస్టరు ఎక్కాల్సిందే. ముగిసిన ఫైలు ఎల్‌డిస్ అయితే ఏడాది, డిడిస్ అయితే పదేళ్లు, ఆర్‌డిస్ అయితే శాశ్వతంగా ఉంచాలి. సీటులో మనిషి మారినా ఎవరు ఏమన్నారో ఫైలే చెప్పేది.

ఇప్పుడో? రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో ఆదేశం. నంబరు లేదు, సూచిక లేదు. కింద వరసగా దండాల బొమ్మలు. చూశామనా, చేస్తామనా? రేపు తేడా వస్తే ఆ మెసేజే మాయం. ఈ-ఆఫీసు వచ్చాక ఫైలు ఎవరి దగ్గర ఆగిందో కనబడుతోంది, సంతోషం. నోటు రాయాల్సింది మాత్రం మనిషే కదా! పైగా 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక ఆ నోటును అర్జీదారు కూడా అడిగి చదవొచ్చు. రాత మీద శ్రద్ధ పెరగాల్సిన కాలంలో తరిగిపోయింది.

కోర్సులు నడిపేవారికి ఒకటే మాట. పాఠాలు చెప్పండి, కాదనను. కానీ మెమో, సర్క్యులర్, డీవో లెటర్, మీటింగు మినిట్స్ పిల్లల చేత రాయించండి. ఎర్రసిరాతో దిద్ది, మళ్లీ రాయించండి. అప్పుడే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టండి. ఎందుకంటే ఉత్తరం అస్తవ్యస్తంగా ఉంటే ఎక్కడో ఒక ముసలమ్మ పింఛను ఆగుతుంది. రాసినవాడి జీతం మాత్రం ఆగదు.